కాస్త ఇది పట్టుకోండి

మా బావ ఎదుట ఖాళీ చేతులతో నిలబడడం ఎవరివల్లా కాదు. మనిషి కనబడగానే ఆయన చూపు ముఖం మీద పడదు, చేతుల మీద పడుతుంది. అవి ఖాళీగా కనిపించాయా, ఇక అంతే సంగతులు. "ఒక్క నిమిషం, కాస్త ఇది పట్టుకో" అంటాడు. ఆ 'ఇది' ఏదైనా కావచ్చు. టార్చిలైటు కావచ్చు, గ్రీజు కారే గొట్టం కావచ్చు, తలుపు కావచ్చు. ఇంటి తలుపు కాదు, కారు తలుపు. ఇక 'ఒక్క నిమిషం' అన్నది కాలానికి సంబంధించిన మాట కాదు. కేవలం మర్యాదకి సంబంధించినది.

బావ పళ్ళ డాక్టరు. మా అక్క మొగుడు. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే వీధిలో కావడం వల్ల నా జీవితంలో పెద్ద భాగం ఏదో ఒకటి పట్టుకోవడంలోనే గడిచింది. పెళ్ళయిన కొత్తలో ఫ్యాన్లు, కుళాయిలు, ఇస్త్రీపెట్టెలతో సరిపెట్టుకున్న మనిషి, నడివయసులో ఉన్నట్టుండి కారు మీద పడ్డాడు.

ఆ కారు రావడం ఒక పెద్ద కథ. ఊరి చివర బంగళాలో ఉండే ఒక వృద్ధ ధనికుడికి బావ కట్టుడు పళ్ళ సెట్టు చేసిపెట్టాడు. ఏళ్ళ తరవాత గట్టి వస్తువేదో కొరికిన ఆనందంలో ఆ పెద్దాయన, "డాక్టరు గారూ, బంగళా పడగొట్టేస్తున్నాం. వెనక షెడ్డులో మా నాన్నగారి కారొకటి పడి ఉంది. పాత ఇనప సామాన్లవాడికి వేసేద్దామనుకుంటున్నాను. మీకేమైనా పనికొస్తుందేమో చూడండి" అన్నాడు. చూడడానికి వెళ్ళిన బావ సాయంత్రానికి దాన్ని ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకొచ్చాడు. ఆ పెద్దాయనకి బావ నోటినిండా పళ్ళు పెట్టాడు, ఆయన బావకి ఇంటినిండా కారు పెట్టాడు. లెక్క సరిపోయింది.

ఒకప్పుడు అది మహారాజ భోగం చూసిన కారేనట. ముందు భాగం గేటు దాటి లోపలికొచ్చాక కూడా వెనక భాగం ఇంకా వీధి మలుపులోనే ఉంది. డాష్‌బోర్డుకి వాడిన చెక్క అద్దంలా మెరిసేదని చెబుతారు. ఇప్పుడది బిస్కెట్టులా పొరలు పొరలుగా ఊడుతోంది. తోలు సీట్లు పగిలి లోపలి పీచు బయటికి తొంగి చూస్తోంది. వైర్లు ఎలుకలు తినేశాయి. ఇంజను తుప్పు పట్టి ఒకే ముద్దయిపోయింది. వెనక సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. దాన్ని కదిలిస్తే మహాపాపమని దారి పొడుగునా ట్రాక్టరుని మెల్లగా నడపమన్నాడట బావ. కోడి మాత్రం రాజమాతలా కిటికీలోంచి మమ్మల్నందరినీ చూస్తోంది.

అక్క గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏమిటండీ ఇది?"

"కారు."

"అది నాకూ తెలుస్తోంది. మనింటికెందుకొచ్చింది?"

"పాపం, అక్కడ దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరే."

"ఇక్కడ నన్ను పట్టించుకునేవాళ్ళు మాత్రం ఎవరున్నారు?" అని అక్క గట్టిగా మొదలుపెట్టింది గానీ, పూర్తి చెయ్యలేకపోయింది. అప్పటికే ఆవిడ చేతుల్లో ఒక హెడ్‌లైటు ఉంది. ఆ రోజునుంచీ ఆ కారుని అక్క 'నా సవతి' అనడం మొదలుపెట్టింది. వీధివాళ్ళు 'ఓడ' అన్నారు. బావ మాత్రం 'పేషెంటు' అనేవాడు.

నిజంగానే పేషెంటులా చూసేవాడు. తుప్పు అనే మాట ఆయన నోట రాదు. పుచ్చు అంటాడు. పళ్ళు చూసే చిన్న గుండ్రటి అద్దాన్ని ఇంజను సందుల్లో దూర్చి, "ఇక్కడ కూడా పుచ్చిందిరా" అని నిట్టూర్చేవాడు. పళ్ళసందులు గీకే కొక్కెంతో బంపరు సందులు గీకేవాడు. ముందుండే వెండిరంగు గ్రిల్లుని పళ్ళపొడితో తోమేవాడు, అదీ పైనుంచి కిందికి, గుండ్రంగా, పిల్లలకి నేర్పే పద్ధతిలో. క్లినిక్కు మూసి ఇంటికి రాగానే తెల్లకోటు విప్పి ఖాకీ కోటు తొడుక్కునేవాడు. వేషం మారేది కానీ వైద్యం మారేది కాదు.

కారు పెరట్లోనే ఉండిపోతే గొడవ లేకపోయేది. అది ముక్కలు ముక్కలుగా ఇంట్లోకి వచ్చేసింది. కార్బురేటరు భోజనాల బల్ల మీదికి చేరింది. కాఫీ కప్పుల్లో నట్లు కిరసనాయిల్లో నానుతుండేవి. ఒకనాడు అక్క ఫ్రీజరు తెరిచి బఠాణీల కోసం చెయ్యి పెడితే ఇనప చక్రమొకటి చేతికి తగిలింది.

"ఏమండీ! ఫ్రిజ్జులో ఇనుమేమిటండీ?"

"బేరింగే. చల్లబడితే ముడుచుకుంటుంది. అప్పుడు సుళువుగా లోపలికి దూరుతుంది."

"నన్ను కూడా అందులో పెట్టండి. ముడుచుకుని ఏదో మూల పడి ఉంటాను. ఈ ఇంట్లో నిలబడే చోటెలాగూ లేదు."

"నువ్వు కాస్త ఆ తలుపు మూసి పట్టుకో, చల్లదనం పోతోంది" అన్నాడు బావ.

చుట్టాలకి ఈ సంగతి పాకిపోయింది. వాళ్ళింటికి వెళ్ళాల్సి వస్తే రెండు చేతుల్లోనూ సంచులు పట్టుకుని వెళ్ళమని ఒకరికొకరు సలహాలు చెప్పుకునేవారు. మా పెద్దత్త ఆ ధైర్యంతోనే రెండు నిండు సంచులతో గేటు తీసుకుని వచ్చింది. బావ ఎదురెళ్ళి, "అయ్యో, అంత బరువు మీరు మొయ్యడమేమిటి అత్తయ్యా, ఇలా ఇవ్వండి" అని ఎంతో మర్యాదగా సంచులందుకుని, కారు తలుపు పిడికి తగిలించి, ఆవిడ చేతుల్లో స్టీరింగు చక్రం పెట్టాడు.

"దీనికి ఇప్పుడే వార్నిషు వేశాను. నేల మీద పెడితే దుమ్ము పడుతుంది. లోపలి కమ్మీ పట్టుకుని కూర్చోండి, ఒక్క నిమిషం."

అత్త మధ్యాహ్నమంతా వరండాలో స్టీరింగు పట్టుకుని కూర్చుంది. జన్మలో బండి నడపని మనిషి, కాసేపయ్యాక తనకి తెలియకుండానే దాన్ని అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టింది. నేను ఎదురొస్తే, "అడ్డు తప్పుకోరా!" అని కసిరింది కూడా.

ఇన్సూరెన్సు ఏజెంటు కథ ఇంకోటి. బావ జీవితానికి బీమా చేయిద్దామని వచ్చిన ఆ పెద్దమనిషి, నోరు తెరిచేలోగా బంపరు ఒక కొస పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"సార్, మనిషి జీవితం ఎప్పుడేమవుతుందో చెప్పలేం కదా సార్" అన్నాడు అలాగే వంగి.

"చెప్పలేమండీ. మీరు వదిలారంటే మాత్రం నా కాలు ఏమవుతుందో చెప్పగలను" అన్నాడు బావ రెండో కొస దగ్గర్నుంచి.

పాలసీ మాట ఆ రోజు ఎత్తలేదు. ఆ తరవాతా ఎత్తలేదు. అయినా ఆ ఏజెంటు ఆదివారమైతే చాలు, పాత చొక్కా వేసుకుని వచ్చేసేవాడు. గుమ్మంలో కనబడగానే జనం తలుపులేసుకునే వృత్తి అతనిది. 'రావయ్యా, నీ కోసమే చూస్తున్నాం' అనే గుమ్మం ఇదొక్కటే. ఆ లెక్కన అతను వస్తున్నాడని నాకప్పుడు తట్టలేదు. బావకి ఎంత పెద్ద పాలసీ అంటగట్టాలని చూస్తున్నాడో అనుకునేవాణ్ణి.

నా సంగతి చెప్పక్కర్లేదు. బ్రేకుల్లో గాలి తీసే పని నాది. నేను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి. బావ చక్రం దగ్గర మర విప్పి, గాలి పోయాక బిగించి, 'వదులు' అనాలి. ఒకసారి నేను తొక్కి పట్టాక బావకి ఫోనొచ్చింది. ఎవరిదో దవడ వాచిందట. ఉప్పునీళ్ళు పుక్కిలించమనడం దగ్గర మొదలై, ఆ దవడ తాలూకు మనిషి చిన్నప్పటి కబుర్లదాకా సాగింది. నా పిక్క పట్టేసింది.

"బావా, వదలనా?"

"ఏమిటి వదిలేది?" అన్నాడు ఫోను చెవి మీంచి తీసి, ఏమీ ఎరగనట్టు.

వీధి మొత్తంలో బావకి దొరకని మనిషి ఒక్కరే. ఎదురింటి హెడ్మాస్టారు. రిటైరై చాలా కాలమైనా, ఆయన గేటు దాటి వచ్చాడంటే వీధిలో అందరం చొక్కా బొత్తాలు సరిచూసుకునేవాళ్ళం. ఆయన మా అక్కావాళ్ళ గేటు బయటే నిలబడి, కళ్ళజోడు సవరించుకుని అడిగేవాడు.

"డాక్టరు గారూ, ఇది వీధా, ఓడరేవా?"

"వీధేనండీ."

"మరి ఆ ఓడ బయల్దేరేదెప్పుడు?"

"వచ్చే నెలకి పూర్తయిపోతుంది మాస్టారూ. లోపలికి రండి, ఒక్క నిమిషం ఈ రేడియేటరు..."

"నేను పట్టుకోను" అనేసి వెళ్ళిపోయేవాడు. ఆయన భార్య మాత్రం నవ్వుతూ గుమ్మంలోంచి, "ఆయన ఇంట్లో కూరల సంచే పట్టుకోరు, మీ రేడియేటరు పట్టుకుంటారా డాక్టరు గారూ?" అనేది. ఆవిడ మాట వినబడితే మాస్టారి నడకలో బిగువు కాస్త తగ్గేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఒకరికొకరు కబురు, ఒకరికొకరు కాలక్షేపం.

ఆ ఏడు వానలు తగ్గేవేళకి ఆవిడ పోయింది. జ్వరమన్నారు, ఆసుపత్రన్నారు, చూస్తూండగానే అయిపోయింది. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. మాస్టారు తలుపేసుకున్నాడు.

ఎవరైనా తడితే తప్ప ఆ తలుపు ఇక తెరుచుకోలేదు. పొద్దున వేసిన పేపరు సాయంత్రందాకా మెట్టు మీదే పడి ఉండేది. అక్క పంపిన భోజనం పంపినట్టే తిరిగొచ్చేది. వీధిలో అందరం వంతులవారీగా వెళ్ళి, ఆయన ముందు కూర్చుని, 'ధైర్యంగా ఉండాలి మాస్టారూ' అని చెప్పి వచ్చాం. ఆయన అన్నింటికీ తలూపేవాడు. మేమెప్పుడు లేస్తామా అని గుమ్మంవైపు చూసేవాడు. గడ్డం పెరిగిపోయింది. మనిషి సగమయ్యాడు. "ఇలాగే ఉంటే ఈయన కూడా ఆవిడ వెనకే వెళ్ళిపోతాడ్రా" అంది అక్క ఒకరోజు, మూత తియ్యకుండానే తిరిగొచ్చిన క్యారేజీ చేతిలో పట్టుకుని.

ఆ మర్నాడే బావ పరువు తీశాడు.

పొద్దున్నే ఖాకీ కోటుతో, చేతిలో పొడుగాటి ఇనప వైరు కొస పట్టుకుని వీధి దాటి, మాస్టారి తలుపు దబదబా బాదాడు. అక్కా నేనూ గేటు దగ్గర బిక్కచచ్చిపోయి చూస్తున్నాం. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఏమిటి డాక్టరు గారూ?" మాస్టారి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఒక్కసారి రావాలండీ. కాస్త ఈ వైరు పట్టుకోవాలి. ఎవరూ పట్టుకోకపోతే ఇంజను జారి కింద పడిపోయేలా ఉంది."

అక్క రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భార్య పోయిన మనిషితో మాట్లాడే మాటలా ఇవి? నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ బామ్మర్ది ఉన్నాడుగా" అన్నాడు మాస్టారు.

"వాడా? వాడి చేతికి నిలకడ లేదండీ. ఎన్నోసార్లు చూశాను. మీరైతే స్కేలు లేకుండా బోర్డు మీద తిన్నగా గీత గీసిన మనిషి."

మాస్టారు తన చేతులకేసి చూసుకున్నాడు. ఎవరివో చేతులు చూసినట్టు చాలాసేపు చూశాడు. తరవాత చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మెట్టు దిగి వచ్చాడు.

బావ కారు పక్కన కుర్చీ వేశాడు. వైరు మాస్టారి చేతికిచ్చి తను కారు కింద దూరాడు. ఆ రోజు వినబడిన మాటలు రెండే. 'కొంచెం లాగండి', 'ఆఁ, చాలు'. మర్నాడు మళ్ళీ అదే తంతు. బావ క్లినిక్కుకి వెళ్ళేలోపు ఒక విడత, వచ్చాక ఒక విడత. ఆదివారమైతే రోజంతా. మధ్యాహ్నం మాస్టారు భోజనానికని లేవబోతే బావ కారు కిందనుంచే కేకలు పెట్టాడు.

"వదలకండి వదలకండి! చాలా నాజూకైన చోట ఉంది! ఏమే, మాస్టారి కంచం ఇక్కడికే తీసుకురా!"

మాస్టారు ఎడంచేత్తో వైరు పట్టుకుని కుడిచేత్తో అన్నం తిన్నాడు. ఒకటి రెండు ముద్దలు మొహమాటంగా తిన్నాడు. తరవాత కంచం ఖాళీ చేశాడు. అక్క మళ్ళీ వడ్డిస్తే వద్దనలేదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు.

మెల్లిగా మాటలు మొదలయ్యాయి. మొదట బావ 'యాక్సిలేటర్' అన్నందుకు మాస్టారు 'యాక్సిలరేటర్' అని దిద్దాడు. తరవాతొక రోజు, "ఆవిడ నా కళ్ళజోడు ఎక్కడ దాచేదో చివరికీ తెలియలేదండీ, ఇప్పటికీ దొరకలేదు" అన్నాడు. ఇక ఆగలేదు. ఆవిడ కాఫీలో పంచదార ఎక్కువ వేసేదని ఫిర్యాదు, నిద్రలో మాట్లాడేదని ఫిర్యాదు, తనకంటే ముందు వెళ్ళిపోయిందని అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు. కారు కిందనుంచి 'ఊఁ', 'ఆఁ', 'అలాగా' అని వినబడేది. రోజంతా జనం నోళ్ళలో పనిముట్లు పెట్టి ప్రశ్నలడిగే మనిషి, ఇక్కడ తనే నోరు కట్టేసుకుని ఊకొడుతున్నాడు.

నాకు మాత్రం బావ మీద కోపం తగ్గలేదు. చలిగాలి మొదలైంది. మాస్టారికి జలుబు చేసింది. అయినా తుమ్ముతూ వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడు.

"బావా, నీకేమైనా న్యాయంగా ఉందా? ఆ పెద్దాయన్ని కుర్చీకి కట్టేసినట్టు కూర్చోబెడతావా? ఆ వైరేదో ఒక మేకుకి కట్టి పారెయ్యొచ్చుగా!"

"మేకుకి నిలకడ ఉండదురా" అన్నాడు బావ తాపీగా.

ఇలా లాభం లేదని, బావ క్లినిక్కులోనూ మాస్టారు ఇంట్లోనూ ఉన్న సమయం చూసి, గోడకి మేకు దిగ్గొట్టి వైరు నేనే కట్టేద్దామని వెళ్ళాను. ముందు ఎంత బిగువు కావాలో చూద్దామని మాస్టారి కుర్చీలో కూర్చుని లాగాను. కారు కింద ఏమీ కదల్లేదు. కారుకి అవతల, గోడకి ఆనించి ఉన్న స్టెప్నీ చక్రం మాత్రం ముందుకి వంగి, మళ్ళీ వెనక్కి వాలింది. ఇంకోసారి లాగాను. ఇంకోసారి వంగింది.

వైరు వెంట పాక్కుంటూ కారు కింద దూరాను. అది ఒక ఇటుక మీదుగా వెళ్ళి, జాకీని చుట్టి, అవతలపక్క బయటికొచ్చి, ఆ స్టెప్నీకి చక్కగా ముడి వేసి ఉంది. మధ్యలో ఎక్కడా కారుని తాకను కూడా తాకలేదు. ముడి విప్పి చూశాను. ఇంజను పడిపోలేదు. పడిపోవడం మాట అటుంచి, కొత్త బోల్టులతో ఎప్పుడో బిగించేసి నిక్షేపంగా ఉంది. చేతనైనట్టు మళ్ళీ ముడి వేసి, తిన్నగా క్లినిక్కుకి పరిగెత్తాను.

బావ పనిలో ఉన్నాడు. కుర్చీలో ఒక భారీ మనిషి, వస్తాదులా ఉన్నాడు, ఆకులా వణుకుతున్నాడు. బావ అతని చేతుల్లో ఒక మెరిసే స్టీలు కడ్డీ పెట్టాడు.

"ఇది గట్టిగా పట్టుకోండి. వదిలారంటే మెషీను ఆగిపోతుంది. అంతా మీ చేతిలోనే ఉంది."

వస్తాదు ఆ కడ్డీని ప్రాణంలా పట్టుకున్నాడు. దృష్టంతా దాని మీదే. పన్ను ఊడి పళ్ళెంలో పడ్డాక కూడా వదల్లేదు. "అయిపోయిందా? మెషీను ఆగలేదు కదండీ?" అని అడిగాడు. "భలే పట్టుకున్నారు" అని బావ వీపు తట్టి పంపించాడు.

నేను నర్సమ్మ పక్కకి జరిగి, "అది ఏ మెషీను కడ్డీ అండీ?" అని అడిగాను.

"ఏ మెషీనుదీ కాదు బాబూ, పాత కర్టెను కడ్డీ ముక్క" అంది ఆవిడ, కడ్డీని వేడినీళ్ళలో వేస్తూ.

నేను బావకేసి చూశాను. బావ నా మోకాళ్ళ మీది గ్రీజుకేసి చూశాడు. విషయం అర్థమైపోయి, లేచి గది తలుపేశాడు.

"ఇంజను పడిపోతుందన్నావు?"

"గట్టిగా అరవకురా."

"ఆ వైరు దేనికీ తగలడం లేదు బావా!"

"తగలకపోతేనేం, వైరేగా." బావ పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. "భయపడేవాడికి 'భయపడకు' అని చెబితే ఇంకా హడలిపోతాడ్రా. చేతికేదో ఒక పని ఇస్తే, దాని గొడవలో పడతాడు. పళ్ళ దగ్గర రోజూ చూస్తున్నదేగా. అందులో పెద్ద విశేషమేం లేదు. ఆయన చేతుల్లో ఏమీ లేదు కదా పాపం, అందుకని..." అక్కడ ఆపేసి పక్కనున్న లైటు అందుకున్నాడు. "మాస్టారితో అనకు. కళ్ళజోడు లేదు కనక ఆయనకి ఆ చక్రం కనబడదులే. వచ్చినవాడివి ఊరికే నిలబడ్డావేం, కాస్త ఈ లైటు పట్టుకో."

పట్టుకున్నాను. ఇంకేం చేస్తాను?

అక్కతో చెప్పాను. విని పకపకా నవ్వింది.

"నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు ఎవరితో ఏం మాట్లాడాలో తెలీక గోడవారన నిలబడితే, నా చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి పట్టుకోమన్నార్రా. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఫ్యాను బాగుచేశారు. సాయంత్రానికి ఇంట్లో అందరూ నాతో కబుర్లు చెబుతున్నారు. ఆ ఫ్యానుకి అసలు రోగమేమిటో నాకిప్పటికీ తెలీదు."

మర్నాడు నేను వెళ్ళేసరికి బావ ఇంకా స్నానాల గదిలో ఉన్నాడు. మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చుని వైరు చేతిలోకి తీసుకున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. వైరు ఒకసారి లాగి, నా వైపు తిరిగాడు.

"ముడి మారింది. నువ్వేనా విప్పింది?"

హెడ్మాస్టారి ప్రశ్నకి అబద్ధం చెప్పే ప్రాణి ఇంకా పుట్టలేదు.

"మాస్టారూ, మీకు... తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. నేను లాగినప్పుడల్లా ఆ చక్రం నాకు వంగి నమస్కారం పెడుతోంది కదయ్యా!"

"మరి మీకు కళ్ళజోడు లేదు కదా అని బావ..."

"కళ్ళజోడు లేకపోతే దగ్గరవి కనబడవు. దూరానివి దివ్యంగా కనిపిస్తాయి. లేకపోతే ఇన్నేళ్ళూ వెనక బెంచీవాళ్ళని ఎలా కాసుకొచ్చాననుకున్నావు?"

"అన్నీ తెలిసి ఎందుకు పట్టుకుంటున్నారు మాస్టారూ?"

ఆయన మెల్లిగా ఇంకోసారి లాగాడు. చక్రం వినయంగా వంగి లేచింది.

"నన్ను ఓదార్చడానికి చాలామంది వచ్చారు. పని ఉంది రమ్మన్నది ఈయనొక్కడే." గొంతు తగ్గించాడు. "పాపం, ఇటుకలూ జాకీలూ పెట్టి ఇంత కష్టపడి కట్టుకున్నాడు. నాకు తెలిసిపోయిందని తెలిస్తే చిన్నబుచ్చుకోడూ? నువ్వు మాత్రం ఆయనతో అనకు."

ఇంతలో బావ తల తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, జాగ్రత్తగా పట్టుకున్నారు కదా?"

"ప్రాణం పెట్టి పట్టుకున్నానండీ" అన్నాడు మాస్టారు, నా వైపు చూడకుండా.

అప్పట్నుంచి నా బతుకు దుర్భరమైంది. ఒక పెద్దమనిషి కారు కింద అబద్ధమాడుతున్నాడు, ఇంకో పెద్దమనిషి కారు పక్కన అబద్ధమాడుతున్నాడు. ఇద్దరి రహస్యాలూ మొయ్యాల్సింది నేను. నవ్వొస్తే వీధి చివరిదాకా వెళ్ళి నవ్వుకుని రావాల్సి వచ్చేది.

ఎంత సాగదీసినా పని అనేది ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. ఒక ఎండాకాలపు సాయంత్రం ఓడ రేవు వదిలింది. సముద్రం నీలం రంగు, కొత్త తోలు సీట్లు, ముఖం చూసుకోవచ్చనిపించే చెక్క. బావ స్టీరింగు పట్టుకున్నాడు, పక్కన మాస్టారు, వెనక అక్కా, అత్తా, ఏజెంటూ. నేను గేటు పట్టుకున్నాను. కారు వీధంతా తిరిగి, పెద్ద రోడ్డు చివరిదాకా వెళ్ళి, ఒక్కచోట కూడా ఆగకుండా తిరిగొచ్చింది. ఇంజను నడుస్తోందో లేదో చెవి పెట్టి వింటేగానీ తెలియనంత మెత్తగా నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇన్నాళ్ళకి నా సవతి కాపరం కుదుటపడింది" అని అక్క దిష్టి తీసినంత పని చేసింది. అంతా ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి బావ పెరట్లో తళతళలాడే కారు ముందు నిలబడి ఉన్నాడు. అంత దిగులుగా ఆయన్నెప్పుడూ చూడలేదు. గేటు చప్పుడైంది. మాస్టారు అలవాటు కొద్దీ వచ్చేశాడు. కుర్చీ తీసేసి ఉండడం చూసి ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. 'ఇక వెళ్తాను' అన్నట్టు మాస్టారు వెనక్కి తిరగబోయి, ఏదో గుర్తొచ్చినట్టు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వెనక చక్రం దగ్గర ఆగి తల వంచాడు.

"డాక్టరు గారూ, నిన్న ఇక్కడేదో చిన్న శబ్దం వచ్చిందండీ."

"శబ్దమా?"

"టిక్కు టిక్కుమని. ఇప్పుడు కూడా వస్తున్నట్టే ఉంది."

బావ ముఖం వెలిగిపోయింది. గబగబా వెళ్ళి, కదలని కారు చక్రానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు శ్రద్ధగా విన్నాడు.

"అవునండోయ్! వస్తోంది. విప్పి చూడాలి."

"ఈ చక్రమొక్కటేనా?"

"అంతా విప్పితేగానీ చెప్పలేమండీ."

"నేనూ అదే అనుకున్నాను" అని మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

వంటింటి కిటికీలోంచి అక్క నన్ను సైగ చేసి పిలిచింది.

"ఒరేయ్, ఇంజను స్టార్టే చెయ్యలేదు కదరా. వాళ్ళకేం వినబడుతోందిరా?"

"గట్టిగానే వస్తోందక్కా" అన్నాను.

అక్క నన్నొకసారి చూసింది, చక్రం దగ్గర తలలు దగ్గరపెట్టి కూర్చున్న ఆ ఇద్దరినీ చూసింది.

"అవున్రా, వస్తోంది" అని, కుక్కర్లో ఇంకో గ్లాసు బియ్యం పోసింది.